భోగరాజు పట్టాభి సీతారామయ్య

భోగరాజు పట్టాభి సీతారామయ్య (నవంబరు 24, 1880 - డిసెంబరు 17, 1959) స్వాతంత్ర్య సమరయోధుడు, వైద్యుడు, పాత్రికేయుడు, చరిత్ర రచయిత, ఆంధ్రా బ్యాంకు వ్యవస్థాపకుడు. 1948లో భారత జాతీయ కాంగ్రెసుకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. మచిలీపట్నం ఆయనకు పుట్టిన ఊరు కాకపోయినా జీవితమంతా పెనవేసుకొన్న ఊరు. పట్టాభి పేరు చెప్పగానే సామాన్య పాఠకులకు రెండు విషయాలు గుర్తుకు వస్తాయి. ఒకటి బ్యాంకు, రెండవది 1939లో సుభాష్ చంద్రబోస్ చేతిలో పొందిన ఓటమి. ఆ ఎన్నికను ఇద్దరు వ్యక్తుల మధ్య పోటీగా చెప్పుకోవడం పరిపాటి అయింది. నిజానికి ఐరోపాను కమ్ముకొంటున్న యుద్ధం పట్ల పరాధీన దేశం ఏ వైఖరి తీసుకోవాలన్న వివాదం దాని వెనుక ఉన్నది. ఆ వివాదం ఎన్నికతో ముగియలేదు. పట్టాభి జీవితంలో తరువాతి ఆరేళ్ళను అదే నడిపించింది.

బాల్యము, విద్యాభ్యాసము

పట్టాభి నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలను గ్రామంలో ఒక పేద నియోగి బ్రాహ్మణ కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలోనే తండ్రి మరణించడంతో తల్లి కష్టపడి పిల్లలను చదివించింది. ఏలూరులో పాఠశాల చదువు ముగించి, మద్రాసు క్రైస్తవ కళాశాల నుంచి 1900లో బి.ఎ. పట్టా పొందాడు. ఆ తరువాత మద్రాసు వైద్య కళాశాలలో ఎం.బి.సి.ఎం. పూర్తిచేసి, 1906లో మచిలీపట్నంలో వైద్యవృత్తి ప్రారంభించాడు.

బందరులో

ఒకప్పుడు డచ్చి, ఆంగ్లేయ, ఫ్రెంచి వర్తకుల ఓడలు ఆగిన బందరు రేవు పట్టాభి వచ్చేనాటికి బాగా క్షీణించింది. 1864 నాటి తుఫానులో ఆ పట్టణ ప్రాంతంలో సుమారు ముప్పై వేలమంది చనిపోయారు. రేవు పోయినా విద్యకు, పత్రికలకు, న్యాయవాదులకు ఆ పట్టణం పేరు నిలిచింది. 1902లో అక్కడ ప్రారంభమైన కృష్ణా పత్రికను ముట్నూరి కృష్ణారావు నడుపుతుండేవాడు. 1907లో వందేమాతర ఉద్యమ ప్రచారానికి బిపిన్ చంద్రపాల్ ఆంధ్రదేశంలో పర్యటించినప్పుడు బందరు యువకులలో కలిగిన ఉత్సాహం వట్టి ఉపన్యాసాలతో ఆగిపోలేదు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి కలిసి 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. ప్రభుత్వ సహాయం లేకుండా, చేతిపనులతో కూడిన విద్యను తెలుగు పిల్లలకు ఇవ్వాలన్నది దాని ఆశయం. జాతీయ పతాక రూపకర్తగా ప్రసిద్ధి చెందిన పింగళి వెంకయ్య కూడా ఈ కళాశాలలో పనిచేశాడు.

ఈ ముగ్గురిలో పట్టాభిది లెక్కల మనస్తత్వం. హనుమంతరావుది త్యాగం, కృష్ణారావుది కలం అనుకొంటే, చందాలు వసూలు చేసి పద్దులు సరిచూసే పని సహజంగా పట్టాభికి వచ్చింది. ప్రత్యేకాంధ్ర ఉద్యమంలోనూ ఆయన పద్ధతి ఇదే. జనాభా, పన్నులు, విద్యాలయాల వివరాలను ముందు పెట్టుకొని వాదించేవాడు. 1913లో బాపట్లలో ఆంధ్ర మహాసభ మొదటి సమావేశం జరిగిన నాటినుంచి ఆ కోర్కెను వదలలేదు. ఆంధ్రకు కాంగ్రెసులో ప్రత్యేక శాఖ కావాలని పట్టుపట్టి, అనిబిసెంటు వంటి వారి అభ్యంతరాలను ఎదుర్కొని, 1918 నాటికి దానిని సాధించిన వారిలో ఆయన ముఖ్యుడు.

మొదటి ప్రపంచ యుద్ధము, సహకార సంస్థలు

1914లో యుద్ధం మొదలైన కొద్ది వారాలకే సెప్టెంబరు 22 రాత్రి జర్మనీ నౌక ఎండెన్ మద్రాసు రేవుపై గుండ్లు కురిపించింది. ఎక్కడో ఐరోపాలో జరుగుతున్నదనుకొన్న యుద్ధం కోరమాండల్ తీరానికి వచ్చింది. ఆ కాలంలో కాంగ్రెసు నాయకులలో ఎక్కువమంది సామ్రాజ్యానికి సహాయం చేస్తే కృతజ్ఞతగా స్వపరిపాలన లభిస్తుందని నమ్మారు. గాంధీ సైతం 1918లో గుజరాతులోని ఖేడా జిల్లాలో సైన్యంలో చేరవలసిందని గ్రామగ్రామం తిరిగాడు. యుద్ధం ముగిశాక లభించినవి రౌలట్ చట్టము, జలియన్‌వాలా బాగ్. ఈ అనుభవాన్ని ఆ తరం వారు మరువలేదు. రెండవ యుద్ధం వచ్చినప్పుడు కాంగ్రెసు ముందుగా హామీ కోరడానికి కారణం ఇక్కడ ఉన్నది.

యుద్ధ సంవత్సరాలలో పట్టాభి దృష్టి ఎక్కువగా గ్రామాల అప్పుపైనే ఉండేది. 1855లో విజయవాడ వద్ద ఆనకట్ట పూర్తయిన తరువాత కృష్ణా డెల్టాలో వరి విస్తరించింది. గుడివాడ తాలూకా పొలాలు, రెండు పాయల నడుమ సముద్రం వరకు ఉన్న దివిసీమ లంకలు ధాన్యాగారాలుగా మారాయి. అయితే నారుమడి నాటినుంచి కుప్పనూర్పిడి వరకు రైతు షావుకారు చేతిలోనే ఉండేవాడు. వడ్డీ భారం తగ్గించడానికి 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పట్టాభి పూనుకొన్నాడు. 1916 ప్రాంతంలో వైద్యవృత్తిని విడిచిపెట్టి పూర్తికాలం ప్రజాజీవితంలో ప్రవేశించాడు. 1919లో జన్మభూమి అనే ఆంగ్ల వారపత్రికను బందరు నుంచి ప్రారంభించి దాదాపు పదకొండేళ్ళు నడిపాడు.

ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న నమోదై నవంబరు 28న మచిలీపట్నంలో కార్యకలాపాలు మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ, 1929లో భారత లక్ష్మీ బ్యాంకు, 1935లో హిందూస్థాన్ ఐడియల్ ఇన్సూరెన్సు కంపెనీ వచ్చాయి. రేవు పోయిన పట్టణంలో ఇన్ని ఆర్థిక సంస్థలు పుట్టడం ఆ రోజులలో వింతగా చెప్పుకొనేవారు.

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం రెండేళ్ళలో డెల్టాను తాకింది. ధాన్యం ధర సుమారు సగానికి పడిపోయింది, శిస్తు మాత్రం తగ్గలేదు. అప్పు అసలులో మార్పు లేదు కాని దానిని తీర్చడానికి అమ్మవలసిన బస్తాలు రెట్టింపయ్యాయి. ఇదే కాలంలో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. 1930లో పట్టాభి జైలుకు వెళ్ళాడు. ఆ ఏడాది మే 6న బందరు కోనేరు సెంటరులో జాతీయ పతాకం ఎగురవేయబోయిన తోట నరసయ్య నాయుడు పోలీసు లాఠీ దెబ్బలకు స్పృహ తప్పాడు. 1938లో రాజాజీ మంత్రివర్గం రైతు ఋణ విమోచన చట్టం తెచ్చి పాత బాకీలను తగ్గించింది. కాంగ్రెసు నాయకుడుగాను, ఋణమిచ్చే సంస్థల వ్యవస్థాపకుడుగాను పట్టాభి రెండు పక్షాలకూ చెందినవాడు. ఆయనను విమర్శించిన వామపక్ష యువకులు ఈ సంగతిని తరచు ఎత్తిచూపేవారు. ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే సంఘటిత పరపతి లేని చోట రైతుకు మిగిలే దారి మళ్ళీ షావుకారే అన్నదానిని కూడా గుర్తుంచుకోవాలి.

త్రిపురి ఎన్నిక

1938 నాటికి జపాను చైనాపై దండెత్తి ఏడాది దాటింది, స్పెయిన్‌లో అంతర్యుద్ధం నడుస్తున్నది. ఆ సెప్టెంబరులో కాంగ్రెసు తరఫున అయిదుగురు వైద్యుల బృందం చైనా సైనికుల శుశ్రూషకు బయలుదేరింది. తనకే స్వాతంత్ర్యం లేని దేశం మరో దేశపు బాధకు వైద్యులను పంపడం అప్పట్లో చిన్న విషయం కాదు. ఆ వైద్యులలో ఒకడైన ద్వారకానాథ్ కోట్నీస్ 1942లో చైనాలోనే మరణించాడు. బృందాన్ని పంపిన ఏడాది కాంగ్రెసు అధ్యక్షుడు సుభాష్ చంద్రబోస్.

బోస్ మరుసటి ఏడు కూడా పోటీకి నిలిచాడు. ఐరోపాలో యుద్ధం తప్పదని, బ్రిటిషు ప్రభుత్వానికి గడువు పెట్టి స్వాతంత్ర్యం అడగడానికి ఇదే తరుణమని ఆయన వాదం. శత్రువు చిక్కులో పడినప్పుడు అడగనివాడు ఎప్పుడు అడుగుతాడన్నది దానిలోని బలం. గాంధీ అనుయాయులు దీనిని ఒప్పుకోలేదు. దేశం పోరాటానికి సిద్ధంగా లేదన్నది ఒక కారణం. ఎదుటివాని ఆపదను అదనుగా వాడుకోవడం సత్యాగ్రహ ధర్మం కాదన్నది రెండవ కారణం. మౌలానా ఆజాద్ పోటీ నుంచి విరమించుకోవడంతో పట్టాభి అభ్యర్థి అయ్యాడు. వల్లభభాయి పటేలు, రాజేంద్ర ప్రసాదు మొదలైన వర్కింగ్ కమిటీ సభ్యులు ఆయనకు మద్దతుగా ప్రకటన చేశారు.

1939 జనవరి 29న జరిగిన ఎన్నికలో బోస్‌కు 1580, పట్టాభికి 1377 ఓట్లు వచ్చాయి. ఆంధ్ర ప్రతినిధులలో అత్యధికులు పట్టాభికే వేశారు. ఫలితం వచ్చాక గాంధీ దానిని పట్టాభి ఓటమిగా కంటె తన ఓటమిగానే ప్రకటించాడు. ఆ ప్రకటన బోస్‌కు కష్టాలు తెచ్చిపెట్టడమే కాక పట్టాభికి కూడా అన్యాయం చేసిందని చెప్పవచ్చు. అప్పటికి ముప్పై యేళ్ళ ప్రజాసేవ ఉన్న మనిషి ఒక్క వాక్యంతో వేరొకరి ఛాయగా మారిపోయాడు. ఫిబ్రవరిలో వర్కింగ్ కమిటీకి రాజీనామా చేసిన పన్నెండుగురిలో ఆయన కూడా ఉన్నాడు. ఏప్రిల్ 29న బోస్ అధ్యక్ష పదవి వదులుకొన్నాడు.

రెండవ ప్రపంచ యుద్ధము

1939 సెప్టెంబరు 3న వైస్రాయి లిన్‌లిత్‌గో భారతీయులలో ఎవరినీ సంప్రదించకుండానే భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించాడు. త్రిపురిలో ఊహగా ఉన్న ప్రశ్న ఇప్పుడు నిజమై ఎదుట నిలిచింది. హిట్లరు గెలుపు ప్రపంచానికి చేటు అని కాంగ్రెసులో దాదాపు అందరూ అంగీకరించారు. అయితే ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్నామంటున్న ప్రభుత్వం ఇక్కడ ప్రజాస్వామ్యం ఇవ్వడానికి నిరాకరిస్తున్నది. గాంధీ మొదట బ్రిటనుకు షరతులు లేని నైతిక మద్దతు ఇవ్వాలన్నాడు, ఆయుధ సహాయం మాత్రం కాదు. నెహ్రూ ఫాసిజాన్ని అందరికంటె తీవ్రంగా ద్వేషించాడు, అయినా బానిసగా పోరాడలేమన్నాడు. సెప్టెంబరు 14న వార్ధాలో వర్కింగ్ కమిటీ ఫాసిజాన్ని ఖండిస్తూనే బ్రిటను తన యుద్ధ లక్ష్యాలను చెప్పాలని కోరింది. అక్టోబరులో వచ్చిన జవాబు నిరాశ కలిగించడంతో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. మద్రాసులో రాజాజీ ప్రభుత్వమూ దిగిపోయింది.

1940 జూనులో ఫ్రాన్సు పతనమైంది. అప్పుడు కాంగ్రెసు తన గురువుతోనే విభేదించవలసి వచ్చింది. దేశ రక్షణలో సైతం అహింసను వీడరాదని గాంధీ, ప్రభుత్వం నడపదలచిన వారు ఆ మాట ఇవ్వలేరని రాజాజీ. జూలైలో పూనా సమావేశం రాజాజీ మార్గాన్ని ఆమోదించి, జాతీయ ప్రభుత్వం ఏర్పరిస్తే యుద్ధానికి సహకరిస్తామని తెలిపింది. ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ దానిని అంగీకరించలేక తప్పుకొన్నాడు. బ్రిటను ఆ చేయి అందుకోలేదు. అక్టోబరు 17న వినోబా భావేతో వ్యక్తి సత్యాగ్రహం మొదలైంది. ఇబ్బందిలో ఉన్న ప్రభుత్వాన్ని మరీ ఇబ్బంది పెట్టకుండా, యుద్ధంపై అసమ్మతి చెప్పే హక్కును మాత్రం నిలుపుకోవడానికి ఒక్కొక్కరుగా జైలుకు వెళ్ళే పద్ధతి ఇది. దాని నైతిక సున్నితత్వం అందరికీ అర్థమయిందని చెప్పలేము.

1942 మార్చి 8న రంగూను జపాను వశమైంది. బర్మాలో కూలినాలి చేసుకొంటున్న తెలుగువారు వేలాదిగా అడవిదారుల వెంట నడిచి స్వదేశం చేరుకొన్నారు, దారిలో ఎందరో మరణించారు. ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి. బందరు, దివిసీమ తీరాలలో భయం వ్యాపించింది. బర్మా బియ్యం రాక ఆగిపోవడంతో డెల్టా ధాన్యానికి ఒక్కసారిగా గిరాకీ, దానితోపాటు ధరలు పెరిగాయి. మాంద్యంలో చితికిన రైతుకు ఇది ఊరట అయితే, కొనితినే కూలీకి కొత్త కష్టం.

ఈ పరిస్థితిలో కృష్ణా జిల్లా రాజకీయాలు నిలువునా చీలాయి. 1941 జూనులో జర్మనీ సోవియట్ యూనియన్‌పై దాడి చేసిన తరువాత కమ్యూనిస్టులు క్రమంగా దీనిని ప్రజాయుద్ధంగా భావించసాగారు. 1942 జూలైలో వారి పార్టీపై నిషేధం తొలగింది. గుడివాడ ప్రాంతంలోను, దివి తాలూకా మంగళాపురానికి చెందిన చండ్ర రాజేశ్వరరావు వంటివారి కృషివల్ల చల్లపల్లి ప్రాంతంలోను ఆ పార్టీకి గట్టి బలం ఉండేది. నిన్నటివరకు ఒకే రైతుసంఘంలో పనిచేసినవారిలో కొందరు సర్కారును ఎదిరించి జైళ్ళకు పోతుంటే, మరికొందరు ఫాసిజం ఓడేవరకు ఉత్పత్తి ఆపరాదని ప్రచారం చేశారు. ఒకరినొకరు ద్రోహులన్నారు. ఇరువురి ముందూ నిజమైన ప్రశ్నే ఉన్నదని, ఇరువురూ దానిలో సగమే చూశారని ఇప్పుడు చెప్పడం తేలిక. 1942లో గుడివాడలో నిలబడినవానికి అంత తేలిక కాదు.

క్రిప్సు రాయబారం విఫలమైన తరువాత ఆగస్టు 8న బొంబాయి గొవాలియా టాంకు మైదానంలో అఖిల భారత కాంగ్రెసు సంఘం క్విట్ ఇండియా తీర్మానాన్ని ఆమోదించింది. ఆ తీర్మానంలో సాధారణంగా మరచిపోయే ఒక అంశం ఉన్నది. స్వతంత్ర భారతదేశం మిత్రరాజ్యాల పక్షాన నిలిచి, సాయుధ బలంతో కూడా దురాక్రమణను ఎదిరిస్తుందని అందులో చెప్పబడింది. మిత్రరాజ్యాల సైన్యాలు దేశంలో ఉండడానికి అప్పటికే గాంధీ అంగీకరించాడు. అనగా అధికారం వదలమన్నారే కాని యుద్ధం వదలమనలేదు. మరునాటి తెల్లవారుజామున వర్కింగ్ కమిటీ సభ్యులందరితోపాటు పట్టాభి అరెస్టయ్యాడు.

నాయకులు లేని ఉద్యమం తన దారి తాను వెతుక్కొన్నది. ఆగస్టు 12న తెనాలిలో రైల్వేస్టేషను తగలబడింది, పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు. ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెసు సంఘం జూలై 29 తేదీతో పంపిన ఒక సర్క్యులరు ప్రభుత్వం చేతికి చిక్కింది. టెలిగ్రాఫు తీగలు తెంపడం వంటి చర్యలకు అందులో చోటు ఉన్నది. పట్టాలు తొలగించరాదని, ప్రాణహాని కలగరాదని కూడా ఉన్నది. కాంగ్రెసు ముందే హింసకు పథకం వేసిందని చెప్పడానికి ప్రభుత్వం 1943లో ప్రచురించిన పుస్తకంలో ఈ పత్రాన్ని ముఖ్య సాక్ష్యంగా చూపింది. తీగ తెంపడం హింస అవునా కాదా అన్న వాదన ఆంధ్ర కాంగ్రెసులో చాలాకాలం సాగింది.

అహ్మద్‌నగర్ కోటలో

గాంధీని పూనాలోని ఆగాఖాన్ భవనంలోను, మిగిలిన నాయకులను అహ్మద్‌నగర్ కోటలోను నిర్బంధించారు. ఆజాద్, నెహ్రూ, పటేలు, గోవింద వల్లభ పంతు, కృపలానీ, ఆచార్య నరేంద్రదేవ్, ఆసఫ్ ఆలీ, శంకరరావు దేవ్, సయ్యద్ మహమూద్, ప్రఫుల్ల చంద్ర ఘోష్, హరేకృష్ణ మహతాబ్, పట్టాభి మొత్తం పన్నెండుగురు అక్కడ ఉన్నారు. నెహ్రూ తన ప్రసిద్ధ గ్రంథం డిస్కవరీ ఆఫ్ ఇండియాను అక్కడే వ్రాశాడు. పట్టాభి దినచర్య వ్రాసుకొన్నాడు. అది 1946లో ఫెదర్స్ అండ్ స్టోన్స్ పేరుతో వెలువడింది.

కోట గోడల లోపల ఉన్నవారికి వెలుపలి నుంచి వచ్చిన వార్తలలో అన్నిటికంటె బాధాకరమైనది 1943 నాటి బెంగాలు కరవు. మృతుల సంఖ్య 15 లక్షల నుంచి 30 లక్షల వరకు ఉండవచ్చునని వేర్వేరు అంచనాలు ఉన్నాయి. ఆగస్టు తీర్మానాన్ని ఉపసంహరించుకొంటే విడుదల చేస్తామన్నది ప్రభుత్వ ధోరణి. బయటికి వస్తే సహాయ కార్యక్రమాలు చేపట్టవచ్చును. కాని అందుకు చెల్లించవలసిన మూల్యం, దేశంలో జరిగిన హింసకు తామే కారకులమని ఒప్పుకోవడం. నాయకులు అంగీకరించలేదు. 1943 ఏప్రిలులో ఆజాద్ భార్య కలకత్తాలో మరణించింది. ఆమెను చూడడానికి ప్రభుత్వాన్ని అర్థించడానికి ఆయన సమ్మతించలేదు. 1944లో సయ్యద్ మహమూద్ వైస్రాయికి లేఖ వ్రాసి విడుదల కావడం సహచరులను నొప్పించింది. ఆత్మగౌరవానికి, ఆకలితో చస్తున్నవారి పట్ల బాధ్యతకు మధ్య ఆ మూడేళ్ళలో కుదిరిన సమాధానం ఏదీ లేదు. మిగిలినవారితో పట్టాభి 1945లో విడుదలయ్యాడు. జాతీయ కళాశాల నాటి మిత్రుడు ముట్నూరి కృష్ణారావు ఆ ఏడాదే మరణించాడు.

స్వాతంత్ర్యము తరువాత

పట్టాభి మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగసభకు ఎన్నికై, చీఫ్ కమిషనర్ల రాష్ట్రాల సంఘానికి అధ్యక్షత వహించాడు. 1948లో పురుషోత్తమదాస్ టాండన్‌పై గెలిచి, ఆ డిసెంబరులో జరిగిన జైపూరు కాంగ్రెసుకు అధ్యక్షుడయ్యాడు. తొమ్మిదేళ్ళ క్రితం తప్పిపోయిన పదవి ఆ విధంగా దక్కింది. పూర్ణ స్వరాజ్యం కోరిన సంస్థ కామన్‌వెల్తుతో స్వేచ్ఛగా సంబంధం కొనసాగించడానికి జైపూరులోనే దారి ఏర్పరచింది.

అక్కడే నెహ్రూ, పటేలు, పట్టాభిలతో భాషా రాష్ట్రాల ప్రశ్న పరిశీలనకు సంఘం ఏర్పడింది. ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలతో దీనిని జె.వి.పి. సంఘమంటారు. దేశవిభజన గాయం పచ్చిగా ఉన్నదని, భాషా రాష్ట్రాలను కొంతకాలం వాయిదా వేయాలని 1949 ఏప్రిలులో సంఘం సూచించింది. మద్రాసు నగరంపై హక్కు వదులుకొంటే ఆంధ్ర విషయం ఆలోచించవచ్చునని మినహాయింపు ఇచ్చింది. యవ్వనంలో ఆంధ్రరాష్ట్రం కోసం లెక్కలు కట్టిన చేయే ఆ నివేదికపై సంతకం చేసింది. తెలుగునాట ఆయనపై వచ్చిన నిందలలో ఇదే ఘాటైనది. పొట్టి శ్రీరాములు ఆత్మార్పణ తరువాత 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం అవతరించినప్పుడు పట్టాభి నాగపూరులో మధ్యప్రదేశ్ గవర్నరుగా ఉన్నాడు. 1952 నుంచి 1957 వరకు ఆ పదవిలో కొనసాగాడు.

రచనలు

కాంగ్రెసు స్వర్ణోత్సవ సందర్భంగా 1935లో వెలువడిన కాంగ్రెసు చరిత్ర ఆయన రచనలలో ప్రధానమైనది. 1935-47 సంవత్సరాలకు సంబంధించిన రెండవ సంపుటం 1947లో వచ్చింది. తాను పాత్రధారిగా ఉన్న ఘట్టాలను తానే వ్రాయడంవల్ల త్రిపురి మొదలైన విషయాలలో రెండవ సంపుటాన్ని ఇతర గ్రంథాలతో పోల్చి చదువుకోవడం మంచిది. తీర్మానాలు, తేదీలు, సభల వివరాల విషయంలో మాత్రం పరిశోధకులకు ఇది ఎంతో ఉపయోగపడుతున్నది.

చివరి రోజులు

గవర్నరు పదవీకాలం ముగిశాక పట్టాభి హైదరాబాదులో నివసించి, 1959 డిసెంబరు 17న మరణించాడు. ఆయన స్థాపించిన బీమా సంస్థల జీవిత బీమా వ్యాపారం 1956లో జాతీయం చేయబడింది. భారత లక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980 ఏప్రిల్ 15న జాతీయం చేయబడి, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది.